వంత పాడిన వారి వాటా

మొన్న దసరాకు ముందు ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రానికి వెళ్ళాను. నాతోపాటు అరవై దాటిన ఒక బుర్రకథ కళాకారిణి ఉంది. బుడగ జంగాల కుటుంబం. తొమ్మిదో ఏట నుంచి తండ్రి పక్కన, పెళ్ళయ్యాక భర్త పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడింది. భర్త పోయి నాలుగేళ్ళయింది. వృద్ధ కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకుందామని వచ్చాం.

కార్యాలయంలో ఉన్న యువకుడు మర్యాదగానే మాట్లాడాడు. ఆమెను కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ప్లాస్టిక్ కవరులో ఆమె తెచ్చిన కాగితాలన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. ఒక పత్రికలో పడిన వార్త ముక్క, రెండు ప్రశంసాపత్రాలు, ఒక ఆహ్వానపత్రం, కొన్ని ఫొటోలు. అన్నింటిలోనూ భర్త పేరే ఉంది. పేరు తరువాత “మరియు బృందం” అని ఉంది. ఫొటోల్లో తంబుర పట్టుకున్న భర్త నిండుగా ఉన్నాడు. ఈమె ఒక ఫొటోలో సగం ముఖంతో, ఇంకొక దానిలో మైకు స్తంభం వెనక ఉంది. ఆ అబ్బాయి కాగితాలు సర్ది తిరిగి ఇస్తూ, “ఇవన్నీ మీ ఆయన పేరు మీద ఉన్నయి గదమ్మా. మీరు వితంతు పింఛనుకు పెట్టుకుంటే తొందరగా అయితది” అన్నాడు.

అతను మంచి మనసుతోనే చెప్పాడు. ఆమె మాత్రం లేవలేదు. “నా పెనిమిటి సచ్చిపోయిండని అడుగుతలేను సారూ. నేను కత చెప్పిన్నని అడుగుతున్న” అంది.

ప్రభుత్వం స్థానిక కళలకు ఇచ్చే డబ్బు గురించి ఈ సంచికకు సంపాదకీయం రాయాలని అంతకు ముందే అనుకున్నాం. బడ్జెట్ కేటాయింపులు, పథకాల పేర్లు, అకాడెమీల చరిత్ర అన్నీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఆ మాట విన్నాక అవన్నీ మళ్ళీ మొదటినుంచి చదవవలసి వచ్చింది. పింఛను రెండు రకాల్లో ఏది ఎక్కువో ఆమెకు తెలుసు, కానీ ఆమె పట్టుదల రూపాయల తేడా కోసం కాదు. ఒకటి భర్త చనిపోయినందుకు ఇచ్చేది. ఇంకొకటి యాభై ఏళ్ళు పని చేసినందుకు ఇచ్చేది. మొదటిది దయ, రెండవది హక్కు. ఈ తేడా ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

“వంత” అనే మాట మన భాషలో ఏమైపోయిందో ఒక్కసారి చూడండి. ఎవరైనా పెద్దవాళ్ళ మాటకు తల ఊపుతూ ఉంటే “వంత పాడుతున్నాడు” అంటాం. సొంత బుద్ధి లేనివాడని అర్థం. బుర్రకథ రాత్రంతా చూసినవాళ్ళకు ఈ అర్థం ఎంత అన్యాయమో తెలుస్తుంది. కథకుడు ఊపిరి తీసుకునేది వంత అందుకున్నప్పుడే. చరణం మరిచిపోతే అందించేది వంత. జనం నిద్రలోకి జారుతుంటే హాస్యంతో లేపేది వంత. తాళం నిలబెట్టేదీ వంతే. ఇక జంగం కుటుంబాల్లో ఆ వంత పాడేది చాలాసార్లు భార్య, మరదలు, కూతురు. కథ అయిపోయాక తెల్లవారి పొద్దున్నే గంప పట్టుకుని ఇంటింటికీ తిరిగి వడ్లు, బియ్యం, పాత బట్టలు అడిగి తెచ్చేదీ వాళ్ళే. పొయ్యి వెలిగించేదీ, పిల్లను సంకనేసుకుని పక్క ఊరికి నడిచేదీ వాళ్ళే. ఇందులో ఎక్కడ కళ ఆగి ఎక్కడ ఇంటిపని మొదలైందో గీత గీయమంటే నావల్ల కాదు. నాకు సమాజశాస్త్రంలో డాక్టరేట్ ఉంది, అయినా కాదు. సర్కారు మాత్రం చాలా తేలికగా గీసేసింది. తంబుర పట్టుకున్నాయన కళాకారుడు, తక్కినదంతా ఇంటిపని.

పాత రోజుల్లో ఈ కళలను పోషించింది ప్రభుత్వం కాదు, ఊరు. తెలంగాణలో చిందువాళ్ళకు, ఒగ్గువాళ్ళకు, ఇంకా అనేక ఆశ్రిత కులాలకు ఫలానా ఊళ్ళు అని మిరాశీ ఉండేది. ఏ కులం ఏ కులాన్ని అడగాలో, ఏ ఊరు ఎవరిదో కట్టుబాటు. ఆ ఊళ్ళను అన్నదమ్ములు పంచుకునేవారు. పొలం గట్టు పంచుకున్నట్టే. తెలుగునాట ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు 1985లో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మిరాశీ ఊరు ఏ చట్టంలోనూ ఆస్తి కాదు కనుక అందులో ఆడపిల్ల వాటా ప్రశ్నే రాలేదు. నేను ఆ పాత పోషణను పొగడడం లేదు. అందులో కులపు సంకెల ఉంది, అడుక్కోవలసిన అవమానం ఉంది. ప్రభుత్వం పోషకురాలైతే అవి పోతాయని ఆశించాం. కొంత పోయాయి. కానీ ఇంటి పెద్ద మగవాడి చేతికే ఇవ్వాలన్న పద్ధతి మాత్రం మిరాశీ నుంచి ఫైలులోకి చెక్కు చెదరకుండా నడిచి వచ్చింది.

పథకాల కాగితాల్లో స్త్రీలకు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఉండనక్కరలేదు కూడా. కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు ఇచ్చే సహాయాన్ని తీసుకోండి. అరవై ఏళ్ళు నిండి ఉండాలి, ఏడాది ఆదాయం 72,000 రూపాయలు దాటకూడదు, నెలకు 6,000 రూపాయల దాకా వస్తుంది. రాష్ట్రం నుంచి అప్పటికే కళాకారుల పింఛను పొందుతూ ఉండాలన్న షరతు ఒకటి ఉంది. అంటే జిల్లా కార్యాలయంలో “మీ పేరు మీద కాగితం లేదు” అన్న మాటతో ఢిల్లీ తలుపు కూడా మూసుకుంటుంది. ఇదే పథకంలో లబ్ధిదారు చనిపోతే భార్యకో భర్తకో సహాయం కొనసాగించే వీలుంది. మంచిదే. కాని మనదగ్గర దాని అర్థం ఏమవుతోంది? జీవితమంతా భర్తతో సమంగా పాడిన మనిషి పథకంలోకి వచ్చేసరికి కళాకారుడి భార్యగా వస్తుంది. ఆయన పోయేదాకా ఆమె లేదు. ఆయన పోయాక ఆయన వల్ల ఉంది.

గురుశిష్య పరంపర కింద ఇచ్చే గ్రాంటు సంగతీ అంతే. గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా. లెక్క స్పష్టంగా ఉంది. కుటుంబ కళల్లో పిల్లలకు మొదటి తాళం, మొదటి రాగం, కథ నడక నేర్పేది ఎవరు? సాయంత్రం పూట చేటలో బియ్యం ఏరుతూ చరణం అందించే తల్లి. ఆమె గురువూ కాదు, వయసు రీత్యా శిష్యురాలూ కాదు. గడిలో పట్టదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట నా సిద్ధాంత గ్రంథం కోసం తిరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు మొన్న బయటికి తీశాను. ప్రతి ఫొటో కింద కథకుడి పేరు, ఊరు, వయసు శ్రద్ధగా రాశాను. పక్కన ఉన్న ఆడవాళ్ళ దగ్గర “ఇతరులు” అని రాశాను. స్త్రీల అదృశ్య శ్రమ మీద ఒక అధ్యాయం కూడా ఆ గ్రంథంలోనే ఉంది! కార్యాలయంలో ఆ అబ్బాయిని ఏమని తప్పు పట్టను?

స్త్రీల కళకూ ప్రభుత్వపు డబ్బుకూ మధ్య ఉన్న పేచీ ఇవాళ్టిది కాదు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ముత్తులక్ష్మీరెడ్డి గారు దానికోసం చేసిన పోరాటాన్ని మనం కాదనలేం. పసిపిల్లలను దేవుడి పేరున అంకితం చెయ్యడాన్ని ఏ స్త్రీవాదీ సమర్థించదు. 1988లో మన రాష్ట్రంలో జోగినీ ఆచారం మీద చట్టం వచ్చినప్పుడు స్త్రీల సంఘాలు స్వాగతించాయి. కాని 1956లో ఆంధ్రలో చేసిన సవరణ ఇంకొంత ముందుకు వెళ్ళింది. పెళ్ళిళ్ళలో, వేడుకల్లో ఆడే మేళాలను కూడా నిషేధం కిందికి తెచ్చింది. కళావంతుల స్త్రీలు ఆడిపాడి సంపాదించుకునే దారి అది. ఆ తరువాత వాళ్ళు ఏం చేసి బతకాలన్నదానికి చట్టంలో జవాబు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం కళలకు పోషకురాలైంది. 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ ప్రారంభమైంది, 1957లో మన రాష్ట్రంలో అకాడెమీ వచ్చింది. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సు నాటికి కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా నిలబెట్టే ప్రయత్నం గట్టిగా సాగుతోంది. తరువాతి దశాబ్దాల్లో పురస్కారాలు, గ్రాంట్లు, పాఠశాలలు, విదేశీ పర్యటనలు వచ్చాయి. సత్యభామ వేషంతో ప్రసిద్ధులైన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని అదే భామాకలాపాన్ని గోదావరి జిల్లాల్లో కళావంతుల స్త్రీలు తరతరాలుగా అభినయించారు. ఒకే కథ. స్త్రీవేషం కట్టిన పురుషుడి మీద వెలుగు పడింది. స్త్రీ ఆడితే నేరమైంది. అదే 1970 ప్రాంతంలో నటరాజ రామకృష్ణ గారు మిగిలిన కళావంతుల స్త్రీలను వెతికి వేదిక మీదికి తెచ్చి ఆంధ్రనాట్యానికి పేరు తేకపోతే మనకు ఆ మాత్రమైనా తెలిసేది కాదు. అప్పటికి వాళ్ళలో చాలామంది ముసలివాళ్ళు.

ఇదే సందర్భంలో బెంగుళూరు నాగరత్నమ్మను తలుచుకోకుండా ఉండలేను. మన పాఠకులకు ఆమె ముద్దుపళని కావ్యాన్ని పరిష్కరించి ప్రచురించి, నిషేధానికి గురైన మనిషిగా తెలుసు. త్యాగయ్య సమాధి తిరువైయారులో పాడుబడి ఉంటే సొంత డబ్బుతో స్థలం బాగుచేయించి, గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ చేయించింది ఆమే. తెలుగు వాగ్గేయకారుడికి ఏ ప్రభుత్వమూ చెయ్యని పని ఒక దేవదాసి చేసింది. అక్కడ జరిగే ఆరాధనలో స్త్రీలకు పాడే హక్కు లేకపోయింది! ఆమె ఊరుకోలేదు. స్త్రీలతో వేరే ఆరాధన నడిపింది. 1940లో అందరూ కలిసి ఒక్కటిగా జరుపుకునేదాకా పట్టు విడవలేదు. డబ్బు పెట్టినంత మాత్రాన వేదిక దక్కదు, దాన్నీ అడిగి తీసుకోవాలి. ఆ సంగతి ఆమెకు మనకన్నా ముందే తెలుసు.

బుర్రకథకూ ఇలాంటి మలుపే ఉంది. నలభైల్లో ప్రజానాట్యమండలి చేతిలో అది రాజకీయ కళ అయింది. మోటూరి ఉదయం లాంటి స్త్రీలు తామే కథ చెప్పే దళంగా ఏర్పడి ఊరూరా తిరిగారు. వంత నుంచి తంబుర దాకా నడిచిన తొలి అడుగు అది. అటు మద్రాసు ప్రభుత్వమూ ఇటు నైజామూ బుర్రకథను నిషేధించాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో కేంద్రం పాటలు, నాటకాల విభాగం పెట్టింది. దాన్ని 2017లో వేరే ప్రచార సంస్థలో కలిపేశారు. నిషేధించిన బుర్రకథకే ఆ తరువాత కుటుంబ నియంత్రణ ప్రచారం అప్పగించారు. ఆపరేషన్లకు ఆడవాళ్ళను ఒప్పించే కథలకు ఆడవాళ్ళే వంత పాడారు. అకాడెమీలను 1983లో రద్దు చేశారు, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. సంస్థలు మారాయి, ఫారాలు పెద్దగా మారలేదు.

ఇంతవరకు చదివి, ప్రభుత్వపు డబ్బు వద్దే వద్దంటున్నానని అనుకోకండి. ప్రభుత్వపు డబ్బుతో నడిచిన పాట ఏం చెయ్యగలదో నేను చిన్నప్పుడే చూశాను. మాది నెల్లూరు జిల్లా. 1991లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. ఆ కార్యక్రమానికి కేంద్రం రెండు వంతులు, రాష్ట్రం ఒక వంతు భరించేవి. కళాజాతాలు పల్లెపల్లెకూ తిరిగాయి. మా ఊళ్ళో వేపచెట్టు కింద పెట్రోమాక్స్ దీపం పెట్టి ఆడిన నాటకంలో తాగి వచ్చిన మొగుడి పాత్ర చూసి మగవాళ్ళు నవ్వుతుంటే మా మేనత్త నవ్వకుండా కూర్చోవడం నాకు గుర్తు. కొత్తగా చదువుకుంటున్న వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ ఉండేది. తరువాతి పుస్తకంలో “ఆడవాళ్ళు ఏకమైతే” అని దూబగుంట స్త్రీల గురించి పాఠం వచ్చింది. పాఠం పాటగా మారింది, పాట ఊరేగింపుగా మారింది. ఊళ్ళలో ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం మన పాఠకులకు తెలిసిన చరిత్రే.

నేను చెప్పదలచుకున్నది మధ్యలో జరిగిన సంగతి. ఆడవాళ్ళు ఏకమయ్యారో లేదో, ప్రభుత్వం ఆ పాఠాన్నే పుస్తకంలోంచి తీసేసింది. చదువుకోండి, పాడండి, చైతన్యవంతులు కండి అని డబ్బు ఇచ్చినవాళ్ళే, ఆ చైతన్యం ఖజానాకు వచ్చే సారా రాబడి దగ్గరికి వచ్చేసరికి పుట తిప్పేశారు. అయితే అప్పటికే పాట ఆడవాళ్ళ నోట్లోకి వెళ్ళిపోయింది. దాన్ని ఏ ఉత్తర్వుతో వెనక్కి తీసుకుంటారు? కళాజాతాకు పెట్టిన ఖర్చులో ప్రభుత్వం అడగని ఫలితం అదే, అన్నిటికన్నా విలువైనదీ అదే. పాడేవాళ్ళు ఇచ్చిన మాటలే పాడాలని, దాటి ఒక్క మాట పాడకూడదని గట్టిగా కాపలా పెట్టి ఉంటే నెల్లూరు ఉద్యమం అలా లేచేదా అని నాకు అనుమానం.

ఈ అనుమానంతోనే తెలంగాణ సాంస్కృతిక సారథి గురించి ఆలోచిస్తాను. రాష్ట్రం ఏర్పడ్డాక ఉద్యమంలో గొంతు అరిగేలా పాడిన వాళ్ళలో 550 మందికి నెలజీతపు ఉద్యోగాలు ఇచ్చారు. దేశంలో ఎక్కడా కళాకారులకు ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి భద్రత ఇచ్చినట్టు నేను చూడలేదు. ధూంధాం వేదికల మీద అర్ధరాత్రి దాకా పాడి, ఖర్చులకు చందాలు పోగుచేసుకున్న దళిత, బహుజన యువతులకు నెలనెలా బ్యాంకులో జీతం పడటం చిన్న సంగతి కాదు. 2024లో దాని అధ్యక్షురాలిగా వెన్నెల గారు రావడం, ఒక స్త్రీ ఆ కుర్చీలో కూర్చోవడం కూడా నాకు సంతోషమే. కాని జీతానికి బదులుగా పాడవలసింది ఎక్కువగా పథకాల పాట. ప్రశ్నించి పేరు తెచ్చుకున్న గొంతు ప్రకటన చదవవలసి వస్తోంది. ఆ అమ్మాయిలను తప్పు పట్టే హక్కు నాకు లేదు. నేనూ జీతం తీసుకునేదాన్నే. తరగతి గదిలో నేను నా అభిప్రాయం చెప్పగలను, వేదిక మీద వాళ్ళు చెప్పలేరు. జీతం ఇచ్చే చేయి మాట కూడా ఇవ్వాలా అన్నదే ప్రశ్న.

ఇక జీతం లేని పాట ఉంది. బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగ చేశారు. విద్యుద్దీపాలు, వేదికలు, బహుమతులు వచ్చాయి. 2017 నుంచి కొన్నేళ్ళు చీరలు పంచారు. కోటి దాకా చీరలు, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. సిరిసిల్ల ఆత్మహత్యలు చూసినవాళ్ళం కనుక ఆ పని అక్కడివాళ్ళకు దొరకడాన్ని నేను వెక్కిరించను. అయితే చీర అందుకున్న ఆడవాళ్ళలో పాట ఎత్తుకునే ఆమె ఎవరు? ప్రతి వాడలో ఒకరో ఇద్దరో ఉంటారు. గొంతెత్తి చరణం ఆమె అంటే తక్కినవాళ్ళు కోలు అందుకుంటారు. వందల చరణాలు ఆమె తలలో ఉంటాయి. పండుగకు అధికారిక హోదా వచ్చిన తరువాత మా స్నేహితురాలి ఊళ్ళో ఆ ఆమె పాడబోతే డీజే పెట్టెల్లోంచి రికార్డు పాట మొదలైంది. ఆమె చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేసిందట.

ఆడిపాడుకునే ప్రతి పాటకూ కూలి కట్టాలని నేను అనను. తమ కోసం తాము పాడుకునే హక్కు కూడా హక్కే. కాని అదే పాటను సేకరించి, రికార్డు చేసి, దాని మీద ఆదాయం పొందినప్పుడు సంగతి వేరు. “జానపదం” అని రాస్తే రచయిత లేరని అర్థం, పాడిన మనిషి లేదని కాదు. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణతో ప్రదర్శన ఇచ్చినవాళ్ళకు తమ పేరు చెప్పించుకునే హక్కు చట్టంలోకి వచ్చింది. ఈ సంగతి మన గ్రామసంఘాల్లో ఎంతమందికి చెప్పాం? ఫోను ముందు పాడించుకుని పోయిన పాట లక్షల మంది చూశారని, పాడినావిడకు ఒక టీ మాత్రం దక్కిందని ఎన్నిసార్లు విన్నాం?

నిజామాబాదు జిల్లా అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో పోయింది. మగవేషాలతో సహా ఎన్నో పాత్రలు కట్టి చిందు భాగవతానికి పర్యాయపదంగా నిలిచింది. ఆమెకు పురస్కారాలు వచ్చాయి, ఆమె మీద వ్యాసాలు వచ్చాయి. 2024లో చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది, అదే ఏడు హరికథకు ఉమామహేశ్వరి గారికి వచ్చింది. మంచి మాట. ఒక ఎల్లమ్మను చూపించి స్త్రీలకు గుర్తింపు లేదనడం అబద్ధమని నాతో వాదించినవాళ్ళున్నారు. ఎల్లమ్మ పక్కన ఆడిన చిందు స్త్రీల పేర్లు చెప్పమని అడిగితే వాళ్ళ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా చాలా కొద్ది.

మరి ఏమడగాలి? ఈ విషయం మీద మేము ఇద్దరు ముగ్గురు బృంద నాయకులతో కూడా మాట్లాడాం. ఒక పెద్దాయన, చాలా గౌరవించదగిన మనిషి, “పైసలు ఎట్లయినా ఇంటికే వస్తయి గదమ్మా, ఎవరి పేర వస్తేంది?” అన్నారు. ఇంకొకరు బృందంలో ఎవరి డబ్బు వాళ్ళ ఖాతాలో పడితే రేపు పిలిస్తే ఎవరూ రారని, బస్సు కిరాయి, వేషాల ఖర్చు, మైకు అద్దె ఎవరు పెట్టుకుంటారని అడిగారు. రెండవ మాటలో నిజం ఉంది. బృందం ఖర్చు వేరు, మనిషి పారితోషికం వేరు. ఇప్పుడు రెండూ ఒకే చెక్కులో నాయకుడి చేతికి వస్తున్నాయి. వాటిని విడదీసి ఖర్చు బృందానికీ, పారితోషికం ఎవరిది వాళ్ళ ఖాతాకూ ఇస్తే సరిపోతుంది. ఖాతాలో పడిన డబ్బును మొగుడో కొడుకో ఏటీఎం కార్డుతో తీసుకుపోతాడని నాకు తెలుసు. పొదుపు సంఘాల అనుభవం మనకు ఉంది. అయినా కాగితం మీద ఆమె పేరు ఉండటం వల్ల రేపు పింఛను గది ముందు ఆమె చేతిలో ఒక రుజువు ఉంటుంది. ఇవాళ నా పక్కన కూర్చున్న ఆమెకు లేనిది అదే.

రుజువు గురించి ఇంకొక మాట. చదువు రాని, ఫొటో తీయించుకోలేని, సంచారంలో బతికిన స్త్రీని పత్రికలో పడిన వార్త తెమ్మనడం ఏ న్యాయం? ఆమె ప్రదర్శన చూసిన ఊరు ఉంది. ఆ ఊరి గ్రామసభ తీర్మానాన్ని, సాటి కళాకారుల వాంగ్మూలాన్ని రుజువుగా తీసుకోవాలి. అవసరమైతే పాడి చూపించమనండి. ఆమె ఎదురుచూస్తున్నది దానికోసమే. పంచాయతీల్లో సగం సీట్లు స్త్రీలవి. ఈ తీర్మానాలు చేయించడం మన సంఘాలకు అంత కష్టమైన పని కాదు.

రాత్రి ప్రదర్శనల సంగతి కూడా ఫారాల్లో లేదు. ప్రభుత్వమే పిలిచిన కార్యక్రమానికి వచ్చిన ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి వేదిక వెనక చీర అడ్డం పట్టుకోవలసి వస్తోంది. మూత్రవిసర్జనకు చీకటి పడేదాకా ఆగుతున్నారు. అర్ధరాత్రి రెండింటికి బస్టాండులో పిల్లలతో కూర్చుంటున్నారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం పనిమీద వెళ్ళే ప్రతి చోటునూ పని ప్రదేశంగానే లెక్కిస్తుంది. పదిమంది కన్నా తక్కువ ఉన్న బృందంలోని స్త్రీ జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో, అధ్యక్షురాలు ఎవరో కార్యక్రమపు ఉత్తర్వు మీదే అచ్చువేస్తే ఒక వరుస కూడా ఖర్చు కాదు.

ఆ రోజు కార్యాలయంలో దరఖాస్తు తీసుకున్నారు. తీసుకునేదాకా ఆమె లేవలేదు కనుక తీసుకున్నారు. “కళారూపం” అన్న చోట బుర్రకథ అని రాశాను. “గురువు పేరు” అన్న చోట ఆమె తన తల్లి పేరు చెప్పింది. ఇంతవరకు జవాబు రాలేదు. వచ్చే సంచికలో ఏమైందో రాస్తాను.

ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఊళ్ళో, మీ వాడలో వంత పాడిన, వేషం కట్టిన, పాట ఎత్తుకున్న స్త్రీలు ఉంటే వాళ్ళ పేరు, ఊరు, ఏ వయసు నుంచి ఏ కళలో ఉన్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి వాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే రాసి మా కార్యాలయానికి పంపండి. పాత ఫొటోలు ఉంటే వెనక వైపు, ఎడమ నుంచి కుడికి, ప్రతి ఒక్కరి పేరూ రాయండి. నా దగ్గర ఉన్న వాటితో నేను మొదలుపెట్టాను. పదకొండు ఫొటోల్లో “ఇతరులు” అని రాసిన ఆడవాళ్ళు పంతొమ్మిది మంది. పదిహేను మంది పేర్లు దొరికాయి. మిగతా నలుగురి కోసం సంక్రాంతి తరువాత మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్తున్నాను.